మయన్మార్ సైనిక పాలనలో మొబైల్ ఫోన్ల భద్రత

మయన్మార్ (పూర్వపు బర్మా) సైనిక పాలనలో మొబైల్ ఫోను రెండు పక్షాలకూ పనిచేసిన సాధనము. పౌరులకు, పాత్రికేయులకు అది వార్తను దేశపు సరిహద్దులు దాటించినది. ప్రభుత్వానికి అది ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరితో మాట్లాడుచున్నారో చెప్పే సాక్షి అయినది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకొన్న తరువాత ఫోన్ల ద్వారా రహస్యంగా మాట్లాడుకొనుటకు ప్రజలు అనుసరించిన పద్ధతులు, వాటిని అడ్డుకొనుటకు ప్రభుత్వం చేసిన ప్రయత్నాలు, ఈ రెంటి వెనుక ఉన్న సాంకేతిక విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

సందేశంలోని మాటలను దాచుట నేడు కష్టమైన పని కాదు. ఆ సందేశం ఎవరి నుండి ఎవరికి, ఏ చోటు నుండి, ఏ వేళకు వెళ్ళినదో దాచుట కష్టము. ఫోను చేజిక్కినపుడు అందులో ఉన్నదానిని కాపాడుట అంతకంటె కష్టము. మయన్మార్ అనుభవంలో ఈ తేడా స్పష్టంగా కనబడుతుంది.

నేపథ్యం

తెలుగువారికి బర్మా కొత్త దేశం కాదు. బ్రిటిషు కాలంలో ఉత్తరాంధ్ర, గోదావరి ప్రాంతాల నుండి వేలాదిమంది రంగూన్ రేవులోను, బియ్యపు మిల్లులలోను పనిచేయుటకు వెళ్ళారు. కోరంగి రేవు పేరు మీదుగా అక్కడివారు తెలుగువారిని కోరంగీలు అని పిలిచేవారు. 1962లో జనరల్ నె విన్ అధికారంలోనికి వచ్చిన తరువాత వారిలో చాలామంది తిరిగివచ్చారు. అప్పటి నుండి దేశం దశాబ్దాల పాటు సైన్యం చేతిలోనే ఉన్నది.

ఆ కాలంలో నిఘాకు పెద్ద యంత్రాంగం అవసరం లేకపోయినది, ఏలనగా ఫోన్లే లేవు. 2000 దశకంలో ఒక్క సిమ్ కార్డు ధర వెయ్యి డాలర్లకు పైబడి ఉండేది. సామాన్యునికి అది అందని వస్తువు. అయినప్పటికీ 2007 ఆగష్టు, సెప్టెంబరు నెలలలో బౌద్ధ భిక్షువులు ముందు నడిచిన ఉద్యమాన్ని ప్రపంచం చూడగలిగినదంటే, రహస్యంగా తీసిన వీడియోలు ఇంటర్నెట్టు ద్వారా బయటకు వెళ్ళుటయే కారణం. సెప్టెంబరు చివరన ప్రభుత్వం దేశమంతటా ఇంటర్నెట్టును నిలిపివేసినది. ఒక దేశం తన ఇంటర్నెట్టును పూర్తిగా ఆపివేసిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

2013లో నార్వేకు చెందిన టెలినార్, ఖతార్‌కు చెందిన ఊరిడూ సంస్థలు అనుమతి పొంది, 2014లో సేవలు ప్రారంభించినవి. సిమ్ కార్డు ధర 1,500 చాట్‌లకు, అనగా సుమారు ఒకటిన్నర డాలరుకు పడిపోయినది. కొద్ది సంవత్సరాలలోనే సిమ్ కార్డుల సంఖ్య దేశ జనాభాను మించినది. ల్యాండులైను, కంప్యూటరు అను మెట్లు ఎక్కకుండానే ప్రజలు నేరుగా స్మార్టు ఫోనుకు చేరుకొన్నారు. చాలామందికి ఇంటర్నెట్టు అన్నా ఫేస్‌బుక్ అన్నా ఒకటే.

అయితే 2013 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టంలో 77వ సెక్షను ఉన్నది. అత్యవసర పరిస్థితిలో సేవలను నిలిపివేయుటకు, సందేశాలను అడ్డగించుటకు ఇది ప్రభుత్వానికి అధికారమిస్తుంది. 2019 జూన్‌లో రఖైన్, చిన్ రాష్ట్రాలలోని తొమ్మిది టౌన్‌షిప్పులలో మొబైల్ ఇంటర్నెట్టును ఆపివేసినది ఈ సెక్షను కిందనే. అప్పుడు అధికారంలో ఉన్నది ఎన్నికైన పౌర ప్రభుత్వమే అన్నది మరచిపోరాదు. తరువాత వచ్చిన సైనిక పాలకులు ఆ సాధనాన్ని కొత్తగా తయారుచేసుకొనవలసిన పని లేకపోయినది.

ఫోను తనంతట తాను చెప్పే విషయాలు

మొబైల్ ఫోనుకు కాల్ రావాలంటే, ఆ ఫోను ఏ టవరు పరిధిలో ఉన్నదో కంపెనీకి ముందే తెలియాలి. అందుచేత ఫోను మాట్లాడకపోయినా, జేబులో ఉన్నా, ఆన్ చేసి ఉన్నంతసేపు సమీపంలోని టవరుకు తన ఉనికిని తెలియజేస్తూనే ఉంటుంది. ఇది లోపం కాదు. మొబైల్ వ్యవస్థ పనిచేసే తీరే అది. నగరంలో టవర్లు దగ్గరగా ఉంటాయి గనుక మనిషి ఉన్న చోటు కొన్ని వందల మీటర్ల తేడాతో తెలిసిపోతుంది. పల్లెలలో ఈ తేడా కిలోమీటర్లలో ఉండవచ్చును.

టవరుకు రెండు గుర్తులు అందుతాయి. ఒకటి సిమ్ కార్డుది, రెండవది పరికరానిది. పరికరానికి 15 అంకెల ఐఎంఇఐ సంఖ్య ఉంటుంది. కాబట్టి పాత ఫోనులో కొత్త సిమ్ వేసికొన్నంత మాత్రాన మనిషి కొత్తవాడు కాడు. పాత సిమ్‌తో పనిచేసిన పరికరమే ఇది అని కంపెనీ రికార్డులలో కనబడుతుంది. సిమ్ మార్చితే చాలునను నమ్మకం చాలా దేశాలలో ఉన్నది, అది పొరపాటు.

సాధారణ ఎస్సెమ్మెస్ సందేశం కంపెనీ యంత్రాల గుండా చదువదగిన రూపంలోనే ప్రయాణిస్తుంది. దానిని పోస్టుకార్డుతో పోల్చవచ్చును. మామూలు ఫోను కాల్‌కు టవరుకు, ఫోనుకు మధ్య మాత్రమే రక్షణ ఉంటుంది. కంపెనీ లోపల ఉండదు. ఆ కొద్ది రక్షణ కూడా పాత 2జీ పద్ధతిలో బలహీనమైనదని పరిశోధకులు 2009లో బహిరంగంగా నిరూపించారు. ఎవరు ఎవరికి, ఎప్పుడు, ఎంతసేపు ఫోను చేశారన్న కాల్ రికార్డు ఎలాగూ బిల్లుల నిమిత్తం నిలువ ఉంటుంది.

గుప్తీకరణ

సందేశాన్ని మూడవ వ్యక్తికి అర్థం కాని రూపంలోనికి మార్చుటను గుప్తీకరణ లేక ఎన్‌క్రిప్షన్ అంటారు. సిగ్నల్, వాట్సాప్ వంటి యాప్‌లలో సందేశం పంపినవారి ఫోనులో గుప్తీకరింపబడి, అందుకొన్నవారి ఫోనులో మాత్రమే విప్పబడుతుంది. మధ్యలోని కంపెనీకి, ఆ యాప్ యజమానికి కూడా అది చదువుటకు వీలుకాదు. దీనిని ఒక పోలికతో చెప్పవచ్చును. ఒక వ్యక్తి తెరచి ఉన్న తాళం కప్పలను అందరికీ పంచి, వాటి చెవిని మాత్రం తనవద్దనే ఉంచుకొన్నాడనుకొందాము. ఎవరైనా పెట్టెకు ఆ కప్ప వేసి పంపవచ్చును, తెరువగలిగినది మాత్రం చెవి ఉన్నవాడే. పంచిన కప్పలు నిజంగా ఆ వ్యక్తివేనా అన్నది ఇక్కడ మిగిలే సందేహము. అందుకే సిగ్నల్ యాప్ ఇద్దరి ఫోన్లలోను 60 అంకెల సంఖ్యను చూపుతుంది. ఇద్దరూ దానిని సరిచూసుకొంటే మధ్యలో ఎవరూ లేరని తెలుస్తుంది. ఈ పని చేసేవారు చాలా తక్కువమంది.

వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో ఈ పద్ధతిని అందరికీ వర్తింపజేసినది. టెలిగ్రామ్ విషయం వేరు. అందులో సీక్రెట్ ఛాట్ అని ప్రత్యేకంగా ఎంచుకొన్న ఇద్దరి మధ్య సంభాషణలకే ఈ రక్షణ ఉన్నది. మామూలు సంభాషణలు, గుంపులు ఆ సంస్థ సర్వర్లలో ఉంటాయి. పేరు విని అన్నీ ఒకటేననుకొనుట ప్రమాదకరము.

ఇంకొక బలహీనత ఖాతా తెరచుటలో ఉన్నది. ఈ యాప్‌లు ఫోను నంబరును ఎస్సెమ్మెస్ ద్వారా వచ్చే ఓటీపీతో ధ్రువపరచుకొంటాయి. ఆ ఎస్సెమ్మెస్ కంపెనీ గుండానే వస్తుంది. కంపెనీ ప్రభుత్వం మాట వినవలసినదైతే, ఆ ఓటీపీని పట్టుకొని వేరొక ఫోనులో అదే ఖాతాను తెరువవచ్చును. ఇరాన్‌లో టెలిగ్రామ్ ఖాతాలపై ఇటువంటి దాడి జరిగినట్లు 2016లో పరిశోధకులు తెలిపారు. ఓటీపీకి తోడు స్వంత పిన్ లేక రహస్యపదం పెట్టుకొనుట దీనికి విరుగుడు.

2021 సైనిక తిరుగుబాటు

ఫిబ్రవరి 1 తెల్లవారుజామున నాయకుల అరెస్టులతో పాటే ఫోన్లు, ఇంటర్నెట్టు తడబడినవి. ఫిబ్రవరి 4న ఫేస్‌బుక్‌ను, 5న ట్విట్టర్, ఇన్‌స్టాగ్రామ్‌లను నిషేధించారు. 6న దేశమంతటా ఇంటర్నెట్టు ఆగిపోయి మరునాడు తిరిగివచ్చినది. 15వ తేదీ నుండి ప్రతి రాత్రి 1 గంట నుండి ఉదయం 9 గంటల వరకు నిలిపివేయుట మొదలైనది. రాత్రివేళ ఇళ్ళపై దాడులు, అరెస్టులు జరుగుచున్న రోజులవి. ఎవరిని తీసుకొనిపోయారో తెల్లవారే వరకు బయటివారికి తెలిసేది కాదు. మార్చి 15న మొబైల్ డేటాను, ఏప్రిల్ 2న వైర్‌లెస్ బ్రాడ్‌బ్యాండును ఆపివేశారు. తీగ ద్వారా వచ్చే ఇంటర్నెట్టు ఉన్న కొద్దిమందికి మాత్రమే బయటి ప్రపంచం మిగిలినది.

చట్టాలు కూడా వెంటవెంటనే మారినవి. ఫిబ్రవరి 13న పౌరుల గోప్యతను రక్షించే 2017 నాటి చట్టంలోని ముఖ్యమైన సెక్షనులను పక్కన పెట్టారు. దానితో వారంటు లేకుండా ఇంట్లో ప్రవేశించుటకు, సందేశాలను అడ్డగించుటకు దారి ఏర్పడినది. మరునాడు శిక్షాస్మృతిలో 505-ఏ సెక్షను చేర్చబడినది. భయాన్ని గాని, తప్పుడు వార్తలను గాని వ్యాపింపజేసినారన్న ఆరోపణపై దీని కింద మూడేళ్ళ వరకు జైలు శిక్ష వేయవచ్చును.

ఆంగ్ సాన్ సూకీపై మొదట మోపిన అభియోగం కూడా సమాచార సాధనాలకు సంబంధించినదే. ఆమె ఇంట్లో దొరికిన వాకీటాకీలు అక్రమంగా దిగుమతి అయినవన్నది ఆ నేరము. 2022 జనవరిలో ఆమెకు దీనిపై శిక్ష పడినది.

ఇంటర్నెట్టు లేని సందేశాలు

తిరుగుబాటు జరిగిన వెంటనే బ్రిడ్జిఫై అను యాప్‌ను కొద్ది గంటలలోనే ఆరు లక్షల మందికి పైగా దించుకొన్నారని ఆ సంస్థ ప్రకటించినది. 2019లో హాంగ్‌కాంగ్ ఉద్యమంలో ఇది ప్రసిద్ధి చెందినది. ఇటువంటి యాప్‌లు టవరును గాని ఇంటర్నెట్టును గాని వాడవు. బ్లూటూత్ ద్వారా ఒక ఫోను దగ్గరలోని మరొక ఫోనుకు, అది ఇంకొకదానికి సందేశాన్ని అందిస్తుంది. బావి వద్ద వరుసగా నిలబడి బిందెలు అందించుకొన్నట్లుగా సందేశం చేతులు మారుతుంది. వరుసలో ఒక మనిషి లేకపోతే బిందె అక్కడే ఆగిపోతుంది. అందుచేత కిక్కిరిసిన ఊరేగింపులో ఇది బాగుంటుంది, ఊరి నుండి ఊరికి పనికిరాదు.

2020 ఆగష్టులో లండన్‌లోని రాయల్ హోలోవే పరిశోధకులు ఈ యాప్‌లోని సందేశాలను ఇతరులు చదువవచ్చునని, వాడేవారిని గుర్తించవచ్చునని, ఒకే ఒక చెడు సందేశంతో మొత్తం వలయాన్ని కూల్చవచ్చునని నిరూపించారు. సంస్థ ఆ అక్టోబరులో సిగ్నల్ వారి గుప్తీకరణ పద్ధతిని చేర్చినది. 2022లో వెలువడిన మరొక పరిశోధన అది కూడా చాలలేదని చూపినది. అవసరం ఎక్కువై, ప్రత్యామ్నాయం లేనపుడు ప్రజలు దొరికినదానిని వాడుతారు. దాని బలహీనతలు పరిశోధకులకు తెలిసినంతగా ఊరేగింపులోని విద్యార్థికి తెలియవు.

యాప్‌లు లేని పద్ధతులు కూడా తక్కువేమీ కాదు. ఫిబ్రవరి 2 నుండి ప్రతి రాత్రి గిన్నెలు, పళ్ళాలు మోగించి నిరసన తెలిపారు. మార్చి 24న అందరూ ఇళ్ళలోనే ఉండి వీధులను ఖాళీగా వదిలిన నిశ్శబ్ద సమ్మె జరిగినది. ఇంటర్నెట్టు ఆగిపోయిన తరువాత యువకులు మొలటోవ్ అను చిన్న పత్రికను అచ్చువేసి పంచిపెట్టారు. సరిహద్దు ప్రాంతాలలో థాయిలాండు సిమ్ కార్డులు వాడబడినవి.

కంపెనీలు చేతులు మారుట

మయన్మార్‌లో నాలుగు మొబైల్ కంపెనీలు ఉండేవి. ఎంపీటీ ప్రభుత్వానిది. 2018లో ప్రారంభమైన మైటెల్‌లో వియత్నాం సంస్థతో పాటు సైన్యానికి వాటా ఉన్నది. మిగిలిన రెండు విదేశీ కంపెనీలు. ప్రభుత్వం నుండి తనకు అందిన ఆదేశాలను టెలినార్ బహిరంగంగా ప్రకటించేది. తిరుగుబాటు జరిగిన రెండు వారాలకు, ఫిబ్రవరి 14న, ఇక అలా ప్రకటించుట సాధ్యం కాదని తెలిపినది.

2021 జులైలో టెలినార్ తన మయన్మార్ వ్యాపారాన్ని 10.5 కోట్ల డాలర్లకు లెబనాన్‌కు చెందిన ఎం1 గ్రూపుకు అమ్ముతున్నట్లు ప్రకటించినది. సందేశాలను అడ్డగించే పరికరాలను పనిచేయించవలెనని తనపై ఒత్తిడి ఉన్నదని, అందుకు తాను అంగీకరించలేనని సెప్టెంబరులో వివరించినది. 2022 మార్చిలో అమ్మకం పూర్తయినది. స్థానిక సంస్థ అయిన ష్వే బైన్ ఫ్యూ అధిక వాటాదారు కాగా, కంపెనీ పేరు ఆటమ్ అయినది. నిఘాకు సహకరించలేక కంపెనీ వెళ్ళిపోయినది గాని, సుమారు 1.8 కోట్ల మంది వినియోగదారుల పాత రికార్డులు కంపెనీతో పాటే కొత్త యజమానికి సంక్రమించినవి. వీటిని చెరిపివేయవలెనని పౌర సంఘాలు కోరినా ఫలితం లేకపోయినది. ఇందులో టెలినార్‌ను పూర్తిగా తప్పుపట్టుట కష్టమే. ఆదేశాన్ని ధిక్కరిస్తే అక్కడి ఉద్యోగులు ప్రమాదంలో పడతారు. అయినను నమ్మి సిమ్ కొన్న మనిషికి తన కదలికల చిట్టా ఎవరి చేతికి పోవాలో చెప్పే హక్కు లేకపోయినది. సెప్టెంబరు 2022లో ఊరిడూ కూడా తన వ్యాపారాన్ని అమ్ముతున్నట్లు ప్రకటించినది.

దీనికి తోడు సిమ్ కార్డులను గుర్తింపు కార్డుతో నమోదు చేయించనివారి నంబర్లు రద్దు చేయబడతాయని 2022లో ప్రకటించారు. అదే ఏడాది కొత్త సిమ్‌పై 20,000 చాట్‌ల పన్ను విధించారు. ఒకప్పుడు 1,500 చాట్‌లకు దొరికిన సిమ్ ఇది.

వీధి తనిఖీలు

నిఘా యంత్రాలకంటె ప్రజలు ఎక్కువ భయపడినది వీధిలో ఫోను అడిగి తీసుకొనే సైనికునికి. తనిఖీ కేంద్రాలలో ఫోను తెరిపించి ఫేస్‌బుక్ పోస్టులు, ఫోటోలు, వీపీఎన్ యాప్‌లు వెదకుట పరిపాటి అయినది. ఎంతటి గుప్తీకరణ అయినను తెరచి ఉన్న ఫోనును కాపాడలేదు. సందేశం ఇద్దరి వద్దా ఉంటుంది గనుక, ఒకరు పట్టుబడితే రెండవవారి మాటలు కూడా బయటపడతాయి.

ఫోనులోని సమాచారం కోర్టుకు ఎక్కుట కూడా జరిగినది. 2017 డిసెంబరులో రాయిటర్స్ పాత్రికేయులు వా లోన్, క్యా సో ఊ అరెస్టయినపుడు వారి ఫోన్ల నుండి తీసిన పత్రాలను సాక్ష్యంగా చూపారు. ఇజ్రాయెల్‌కు చెందిన సెలిబ్రైట్ సంస్థ పరికరం దీనికి వాడబడినది. వారికి ఏడేళ్ళ శిక్ష పడి, 2019 మే నెలలో క్షమాభిక్షతో విడుదలయ్యారు.

ఈ అనుభవాల నుండి ప్రజలు కొన్ని అలవాట్లు నేర్చుకొన్నారు. బయటకు వెళ్ళునపుడు అసలు ఫోనును ఇంట్లో ఉంచి, పాత బటన్ల ఫోనును గాని రెండవ ఫోనును గాని వెంట తీసుకొనిపోవుట వీటిలో ముఖ్యమైనది. పూర్తిగా ఖాళీగా ఉన్న ఫోను కూడా అనుమానం కలిగిస్తుంది గనుక, అందులో కుటుంబ ఫోటోలు, పాటలు ఉంచుకొనేవారు. సందేశాలు నిర్ణీత కాలం తరువాత వాటంతట అవే చెరిగిపోయే ఏర్పాటు సిగ్నల్‌లో ఉన్నది. వేలిముద్రతో తెరుచుకొనే ఫోనును బలవంతంగా వేలు ఒత్తించి తెరువవచ్చును. అంకెల రహస్యపదం అయితే మనిషి చెప్పవలసి ఉంటుంది. ఆపివేసి తిరిగి ఆన్ చేసిన ఫోను రహస్యపదం మొదటిసారి కొట్టేవరకు మరింత గట్టిగా మూసి ఉంటుంది. ఫోటోలలో తీసిన చోటు, సమయం దాగి ఉండవచ్చును గనుక పంపే ముందు వాటిని తొలగించాలి, ఇతరుల ముఖాలను కప్పాలి. పెద్ద గుంపులలో ఒక్క వేగు చేరినా సంభాషణ అంతా బయటపడుతుంది. దీనికి సాంకేతిక విరుగుడు లేదు.

వీపీఎన్‌ల నిషేధం

నిషేధించిన ఫేస్‌బుక్‌ను చూచుటకు కోట్లాదిమంది వీపీఎన్‌ను ఆశ్రయించారు. ఉత్తరాన్ని మరొక కవరులో పెట్టి వేరే ఊరిలోని మిత్రునికి పంపి, అక్కడి నుండి అసలు చిరునామాకు వేయించినట్లు ఇది పనిచేస్తుంది. స్థానిక కంపెనీకి పై కవరు మాత్రమే కనబడుతుంది. కాని ఆ మిత్రుడు ఎవరో తెలిసి ఉండాలి. ఊరు పేరు లేని ఉచిత వీపీఎన్‌లలో కొన్ని వాడేవారి వివరాలను సేకరిస్తాయి. పైగా వీపీఎన్ వాడినా ఫోను ఏ టవరు కింద ఉన్నదో దాగదు.

2024 మే చివర నుండి ప్రభుత్వం వీపీఎన్‌లను పెద్దయెత్తున అడ్డుకొనసాగినది. చైనా సంస్థ ఒకటి ఇందుకు పరికరాలు సమకూర్చినట్లు 2025 సెప్టెంబరులో బయటపడిన పత్రాలు వెల్లడించినవి. 2025 జనవరి 1న చేసిన సైబర్ భద్రతా చట్టం ప్రకారం అనుమతి లేకుండా వీపీఎన్ సేవను నెలకొల్పినవారికి ఒకటి నుండి ఆరు నెలల వరకు జైలు శిక్ష వేయవచ్చును. ఆ చట్టం జులై 30న అమలులోకి వచ్చినది.

భూకంపం, ఉపగ్రహ ఇంటర్నెట్టు

2025 మార్చి 28న మాండలే సమీపంలో 7.7 తీవ్రతతో భూకంపం సంభవించి 3,000 మందికి పైగా మరణించారు. అంతకు ముందే ఇంటర్నెట్టు నిలిపివేయబడి ఉన్న ప్రాంతాలలో శిథిలాల కింద ఎవరున్నారో, ఏ ఊరికి ఏమి కావాలో తెలియుట ఆలస్యమైనది. సందేశాలను ఆపుటకు వేసిన కళ్ళెం సహాయాన్ని కూడా ఆపుతుంది.

సైన్యం అదుపు తప్పిన ప్రాంతాలలో వైద్యులు, ఉపాధ్యాయులు, సాయుధ దళాలు స్టార్‌లింక్ ఉపగ్రహ పరికరాలను వాడసాగారు. ఆ సేవకు మయన్మార్‌లో అనుమతి లేదు, పరికరాలు పొరుగు దేశాల నుండి దొంగతనంగా చేరినవి. థాయి సరిహద్దులోని సైబర్ మోసగాళ్ళ స్థావరాలు కూడా వాటినే వాడినవి. 2025 అక్టోబరులో స్పేస్‌ఎక్స్ సంస్థ ఆ స్థావరాల పరిసరాలలోని 2,500కు పైగా పరికరాలను పనిచేయకుండా చేసినది. పల్లెలోని ఆసుపత్రి కూడా ఆ విదేశీ సంస్థ నిర్ణయం మీదనే ఆధారపడి ఉన్నది. అంతేగాక ఉపగ్రహ పరికరం ఆకాశం వైపు తెరచి ఉంచవలసినది, రేడియో తరంగాలు వెలువరించేది. యుద్ధ ప్రాంతంలో దానిని ఇంటి కప్పు మీద కనబడేలా పెట్టుట విమాన దాడులను ఆహ్వానించుటయే గనుక చాలాచోట్ల దూరంగా, చెట్ల మాటున అమర్చి, పని పూర్తికాగానే తీసివేసేవారు.